నేల ఉసిరి చేదు: ఒక మూలికా ప్రమాణం చరిత్ర

మన దేశీయ మూలికా వైద్యంలో సరుకు మంచిదో కాదో తేల్చే పని ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల దాకా కంటికీ ముక్కుకూ నాలుకకూ సంబంధించిన విద్యగానే సాగింది. వైద్యుడు తన చేతితో మొక్కను పీకి తెచ్చుకున్నంత కాలం, లేదా తరతరాలుగా తెలిసిన మూలికలవాడు పచ్చి మొక్కనే తెచ్చి ఇచ్చినంత కాలం, ఆ విద్య సరిపోయింది. వైద్యుడికీ మొక్కకూ నడుమ పచారి కొట్టు, టోకు వర్తకుడు, ఆపైన చూర్ణాలూ మాత్రలూ తయారుచేసే కర్మాగారం వచ్చి చేరాక పరిస్థితి మారిపోయింది. ఎండి, నలిగి, పొడిగా మారిన ఆకులో పువ్వు లేదు, కాయ లేదు, ఆకుల అమరిక కనపడదు. దాన్ని చూసి ఇది ఫలానా మొక్క అని చెప్పడం ఎంతటి అనుభవజ్ఞుడికైనా కష్టమే. ఈ ఇబ్బందికి రసాయన శాస్త్రం చూపిన దారి ఒక్కటే. మొక్కలోని ఒకానొక పదార్థాన్ని శుద్ధ రూపంలో వేరుచేసి, దాన్ని తూకపు రాయిలా పక్కన పెట్టుకొని, సంతలోకి వచ్చిన సరుకులో ఆ పదార్థం ఉన్నదా, ఉంటే ఎంత ఉన్నది అని పోల్చి కొలవడం. అలా వేరుచేసి, శుద్ధతను నిర్ధారించి, సీసాలో భద్రపరచిన పదార్థాన్నే ప్రామాణిక పదార్థం, రెఫరెన్స్ స్టాండర్డ్ అంటారు. దాని చరిత్రను తెలుగునాట పొలంగట్ల మీద, పెరళ్లలో వానకాలమంతా మొలిచే నేల ఉసిరి కథగా చెప్పుకుంటే, ఆ పద్ధతి బలమూ బలహీనతా రెండూ స్పష్టంగా కనిపిస్తాయి.

మొక్కలోని గుణానికి కారణమైన పదార్థాన్ని విడిగా చేతికి తెచ్చుకోవచ్చునన్న నమ్మకం పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో ఐరోపాలో ఏర్పడింది. జర్మనీలో ఒక మందుల దుకాణంలో పనిచేస్తున్న ఫ్రీడ్రిక్ జెర్ట్యూర్నర్ నల్లమందు నుంచి నిద్ర పుట్టించే పదార్థాన్ని వేరుచేసి, 1817లో దాని మీద సమగ్రమైన వ్యాసం వెలువరించాడు, అదే మార్ఫిన్. పసుపులోని కుర్కుమిన్ 1815లో, మిరియాలలోని పైపరిన్ 1819లో, సింకోనా బెరడులోని క్వినైన్ 1820లో విడివడ్డాయి. వీటిలో వ్యాపారం మీద వెంటనే ప్రభావం చూపింది క్వినైన్. చలిజ్వరానికి మందుగా దక్షిణ అమెరికా నుంచి వచ్చే బెరడులో ఒక మూట పనిచేసేది, మరొక మూట పనిచేసేది కాదు. రంగునూ చేదునూ బట్టి బేరమాడిన వర్తకులు ఇప్పుడు వంద పాళ్ల బెరడులో ఎన్ని పాళ్ల క్వినైన్ ఉందో చూసి ధర కట్టడం మొదలుపెట్టారు. మూలికకు అంకెలో నాణ్యత చెప్పడం అక్కడే మొదలైంది.

ఆ పద్ధతి తెలుగు జిల్లాలు భాగంగా ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలోకి కూడా త్వరగానే వచ్చింది. 1860 తరవాత నీలగిరుల్లో ప్రభుత్వం సింకోనా తోటలు వేయించింది. ఆ బెరడులో ఆల్కలాయిడ్లు, అంటే మొక్కలలో పుట్టే నత్రజని కలిగిన క్షార గుణపు పదార్థాలు, ఎంతెంత ఉన్నాయో కొలవడానికే 1866లో జాన్ బ్రౌటన్ అనే రసాయనజ్ఞుణ్ణి నియమించింది. ఏ జాతి చెట్టు, ఏ వయసులో, ఏ ఎత్తున పెరిగితే బెరడులో ఎంత సత్తువ ఉంటుందో తేల్చడం ఆయన పని. ఒక మూలిక నాణ్యతను నిర్ణయించడానికే ప్రభుత్వం ఒక ఉద్యోగిని పెట్టడం ఈ దేశంలో చాలా ముందుచూపున్న చర్య. కాని ఆ శ్రద్ధ విదేశీ మొక్కకు దక్కింది గాని, దేశీయ వైద్యులు శతాబ్దాలుగా వాడుతున్న వందలాది మూలికలకు దక్కలేదు. వాటి వంతు రావడానికి మరో ఆరు దశాబ్దాలకు పైగా పట్టింది.

1930లో భారత ప్రభుత్వం కర్నల్ రామనాథ్ చోప్రా అధ్యక్షతన మందుల విచారణ సంఘాన్ని వేసింది. దేశంలో అమ్ముతున్న మందుల్లో కల్తీ, నాసిరకం సరుకు ఎంత విస్తారంగా ఉన్నదో ఆ సంఘం నివేదిక బయటపెట్టింది. 1940లో వచ్చిన మందుల చట్టానికి ఆ నివేదికే పునాది. చోప్రా కలకత్తాలోని ఉష్ణమండల వైద్య పాఠశాలలో దేశీయ మూలికలను ఒక్కొక్కటిగా పరీక్షిస్తూ 1933లో ఒక పెద్ద గ్రంథం ప్రచురించాడు. మూలికలను పరీక్షించడానికి వాటిలో ఏముందో ముందు తెలియాలి. అది తేల్చే పని విశ్వవిద్యాలయాల రసాయన శాఖల మీద పడింది. దక్షిణాదిలో ఆ భారాన్ని అందరికంటె నిష్ఠగా మోసిన చోట్లలో, విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉన్న వాల్తేరు ఒకటి.

ఆంధ్ర విశ్వవిద్యాలయ రసాయన శాఖకు 1930లలో అధిపతిగా వచ్చిన తిరువేంగడం రాజేంద్రం శేషాద్రి తమిళనాడులోని కుళిత్తలైలో 1900లో జన్మించినవాడు. మాంచెస్టరులో రాబర్ట్ రాబిన్సన్ దగ్గర పరిశోధన చేసి, తిరుగు ప్రయాణానికి ముందు ఆస్ట్రియాలోని గ్రాట్స్‌లో ఫ్రిట్స్ ప్రెగ్ల్ దగ్గర సూక్ష్మ విశ్లేషణ నేర్చుకున్నాడు. కొద్ది మిల్లీగ్రాముల పదార్థంతోనే అందులోని కర్బనం, ఉదజని పాళ్లను తేల్చే ఆ పద్ధతికి ప్రెగ్ల్‌కు 1923లో నోబెల్ బహుమతి వచ్చింది. మొక్కల నుంచి పదార్థాలు వేరుచేసేవాడికి ఇంతకంటె అక్కరకు వచ్చే విద్య లేదు. ఎందుకంటే బస్తాల కొద్దీ ఆకు ఉడికించినా చివరికి చేతికి వచ్చేది చిటికెడు స్ఫటికాలే. పత్తిపూల రంగులు మొదలుకొని అనేక మొక్కల వర్ణద్రవ్యాల మీద శేషాద్రి బృందం వాల్తేరులో చేసిన పని ప్రపంచం గుర్తించింది. 1942 ఏప్రిల్‌లో విశాఖపట్నం మీద జపాను బాంబులు పడటం, విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోవడం వంటి యుద్ధకాలపు ఒడుదుడుకుల్లో కూడా ఆ పరిశోధన ఆగలేదు. ఖరీదైన పరికరాలు లేని రోజుల్లో, నాటు మొక్కనూ కొద్దిపాటి ద్రావణులనూ నమ్ముకొని చేసిన ఆ కృషికి తెలుగు చరిత్ర రచనల్లో రావలసినంత చోటు రాలేదు.

1946లో జి. వి. కృష్ణమూర్తి, శేషాద్రి కలిసి నేల ఉసిరిలోని చేదు పదార్థం గురించి భారతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. పచ్చకామెర్లకు నేల ఉసిరిని నూరి మజ్జిగలోనో పాలలోనో ఇవ్వడం తెలుగునాట ప్రతి ఊరిలో తెలిసిన వాడుక. సంస్కృత వైద్య గ్రంథాలు దీన్నే భూమ్యామలకి, తామలకి అంటాయి. ఆ మొక్క నుంచి వారు రెండు స్ఫటిక పదార్థాలను వర్ణించారు. చేదుగా ఉండేది ఫిల్లాంథిన్. దాని వెన్నంటి ఉండే, చేదు లేని రెండోది హైపోఫిల్లాంథిన్. అప్పటికి వాటి అణునిర్మాణం తెలియదు, వాటితో సరుకును పరీక్షించాలన్న ఆలోచనా లేదు. చేదు ఎక్కడినుంచి వస్తున్నదో తెలుసుకోవాలన్న జిజ్ఞాసే అందులో ప్రధానం. అయినా నాలుక చెప్పే సాక్ష్యాన్ని తూచగలిగిన పదార్థంగా మార్చిన ఆ రెండు స్ఫటికాలు తరవాతి కథకంతటికీ మూలం.

1949లో శేషాద్రి ఢిల్లీ విశ్వవిద్యాలయానికి వెళ్లిపోయాక కూడా వాల్తేరులో ఆ సంప్రదాయం నిలిచింది. ఆచార్య ఎల్. రామచంద్రరావు, ఆయన సహచరులు యూఫోర్బియేసి కుటుంబపు మొక్కల స్ఫటిక పదార్థాల మీద వరుసగా వ్యాసాలు వెలువరించారు. 1964లోనూ 1966లోనూ వచ్చిన వాటిలో ఫిల్లాంథిన్ అణునిర్మాణాన్ని తేల్చారు. 1967లో దాన్ని ప్రయోగశాలలో సంశ్లేషించి, అణువు త్రిమితీయ అమరికను కూడా నిర్ధారించారు. ఫిల్లాంథిన్ లిగ్నాన్ అనే తరగతికి చెందుతుంది. తొమ్మిదేసి కర్బన పరమాణువులున్న రెండు ముక్కలు ఒకదానితో ఒకటి అతుక్కుంటే లిగ్నాన్ ఏర్పడుతుంది. చెక్కకు గట్టిదనం ఇచ్చే లిగ్నిన్‌ను మొక్క తయారుచేసుకునేది కూడా ఇలాంటి ముక్కలతోనే. ఫిల్లాంథిన్ అణువులో 24 కర్బన, 34 ఉదజని, 6 ప్రాణవాయు పరమాణువులుంటాయి. హైపోఫిల్లాంథిన్ అంత తేలికగా లొంగలేదు. మొదట ప్రతిపాదించిన నిర్మాణాన్ని ఆ బృందమే 1970లో సవరించింది. ప్రమాణంగా నిలవవలసిన పదార్థం విషయంలో ఇలాంటి సవరణ చిన్న సంగతి కాదు. కొలిచే వస్తువు ఏమిటో కచ్చితంగా తెలియకపోతే కొలతకు అర్థముండదు.

రసాయనజ్ఞులు అణువును తేల్చుకుంటున్న ఆ దశాబ్దాల్లోనే వృక్షశాస్త్రజ్ఞులు అసలు మొక్క పేరునే ప్రశ్నించారు. హుకర్ సంపాదకత్వంలో వచ్చిన బ్రిటిష్ ఇండియా వృక్ష సంపుటాలను అనుసరించి భారతీయ పరిశోధకులందరూ నేల ఉసిరిని ఫిల్లాంథస్ నిరూరి అని రాస్తూ వచ్చారు. అమెరికా వృక్షశాస్త్రజ్ఞుడు వెబ్‌స్టర్ 1950లలో, మొక్కలకు శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ వర్ణించిన మొక్కలను తిరిగి పరిశీలించి, నిరూరి అనే పేరు అమెరికా ఖండపు మొక్కకే చెందుతుందని చూపాడు. 1985లో మిత్రా, జైన్ అనే శాస్త్రజ్ఞులు భారతీయ గ్రంథాలు నిరూరి అంటున్నది ఒక్క మొక్క కాదని, అమారస్, ఫ్రాటెర్నస్, డెబిలిస్ అనే మూడు జాతులను కలిపి అలా పిలుస్తున్నారని తేల్చారు. మూడూ జానెడు మూరెడు ఎత్తు మొక్కలే, మూడింటికీ చింతాకు లాంటి చిన్న ఆకులే, మూడింటిలోనూ రెమ్మ అడుగున ఆవగింజలకన్నా కాస్త పెద్ద కాయలు వరుసగా వేలాడుతుంటాయి. చేతి భూతద్దంతో పువ్వును చూస్తే అమారస్‌కు రక్షక పత్రాలు అయిదు, ఫ్రాటెర్నస్‌కు ఆరు. పొలంలో మొక్క ముందు కూర్చున్నవాడు ఈ తేడా పట్టుకోగలడు. ఎండబెట్టి కట్టలు కట్టిన సరుకులో అంతటి చిన్న పువ్వు మిగలదు.

తరవాతి పరిశీలనల్లో ఫిల్లాంథిన్, హైపోఫిల్లాంథిన్ అమారస్‌లో సమృద్ధిగా దొరికాయి. 2006లో లక్నో శాస్త్రజ్ఞులు పోల్చి చూసినప్పుడు ఫ్రాటెర్నస్‌లోనూ, మదెరాస్పటెన్సిస్ అనే మరో దగ్గరి జాతిలోనూ అవి కనపడలేదు. ఈ ఫలితం వెలుగులో 1946 నాటి వ్యాసాన్ని తిరిగి చదివితే, శీర్షికలో నిరూరి అని ఉన్నా ఆనాడు ఉడికించిన మొక్కలో అమారస్ ఉండి తీరాలని అర్థమవుతుంది. మొక్క పేరు తప్పిపోయినా, అందులోనుంచి వచ్చిన స్ఫటికం ఆ మొక్క ఏదో ఆరు దశాబ్దాల తరవాత చెప్పగలిగింది. ప్రామాణిక పదార్థం విలువకు ఇంతకంటె గట్టి నిదర్శనం వెతకనక్కరలేదు.

అయితే స్ఫటికం ఉన్నంత మాత్రాన పోలిక సాధ్యం కాదు. వందలాది పదార్థాలు కలగలిసిన కషాయంలోనుంచి దాన్ని విడిగా చూపించే పద్ధతి కావాలి. రంగు ద్రవ్యాలను సుద్దపొడి నింపిన గాజుగొట్టం గుండా పంపి పట్టీలుగా విడదీసిన రష్యా వృక్షశాస్త్రజ్ఞుడు త్స్వెత్ ఇరవయ్యో శతాబ్దం మొదట్లో క్రొమటోగ్రఫీకి ఆద్యుడయ్యాడు. ఆ పద్ధతిని గాజుపలక మీదికి తెచ్చినవారు ఉక్రెయిన్‌లోని హార్కివ్ నగరంలో మందుల పరిశోధన చేస్తున్న ఇజ్మైలోవ్, ష్రైబెర్. 1938లో వారు అల్యూమినా పొడిని గాజు మీద పలుచగా పరిచి, దాని మీద మూలికల టింక్చర్ చుక్కలు వేసి, ద్రావణి చుక్కలతో వాటిని వలయాలుగా విడదీశారు. పలుచని పొర క్రొమటోగ్రఫీ పుట్టిందే మూలికల మందులను పరీక్షించడం కోసమన్న సంగతి చాలామందికి తెలియదు. 1950లలో జర్మనీకి చెందిన ఈగన్ స్టాల్ దానికి పరికరాలూ కొలతలూ స్థిరపరచి ప్రతి ప్రయోగశాలకూ అందుబాటులోకి తెచ్చాడు. ఆ తరవాత వచ్చిన, అధిక పీడనంతో ద్రావణిని సన్నని గొట్టం గుండా పంపే హెచ్.పి.ఎల్.సి. పద్ధతి పదార్థాలను విడదీయడంతోపాటు ఎంత ఉన్నదో కచ్చితంగా చెప్పగలిగింది.

నేల ఉసిరిని పలక మీద పరీక్షించే తీరు చూస్తే ప్రామాణిక పదార్థం చేసే పని కళ్లకు కడుతుంది. సిలికా జెల్ పూసిన పలక అడుగున ఒక గీత మీద పక్కపక్కనే సరుకు సారం, శుద్ధ ఫిల్లాంథిన్, శుద్ధ హైపోఫిల్లాంథిన్ చుక్కలు పెడతారు. పలకను హెక్సేన్, ఈథైల్ ఎసిటేట్ మిశ్రమం ఉన్న గాజుపాత్రలో నిలబెడితే ద్రావణి పైకి పాకుతూ పదార్థాలను వేర్వేరు ఎత్తులకు మోసుకుపోతుంది. ఆరిన పలక మీద వానిలిన్, గంధకామ్లం కలిపిన ద్రవాన్ని చల్లి వేడి చేస్తే మచ్చలు రంగు తేలుతాయి. ఈ రెండు లిగ్నాన్లు అన్నదమ్ముల వంటివి కావడంతో మచ్చలు దాదాపు ఆనుకొని నిలుస్తాయి; పక్కన శుద్ధ పదార్థాల చుక్కలు లేకపోతే ఏది ఏదో చెప్పడం అసాధ్యం. సరుకు వరుసలో అదే ఎత్తున, అదే రంగులో మచ్చ లేకపోతే ఆ మూటలో ఉన్నది అమారస్ కాదని అనుమానించవలసిందే.

ఆ శుద్ధ చుక్కను తయారుచేయడం మాత్రం ఓపికతో కూడిన పని. పూత మీద ఉన్న మొక్కను గుర్తించి, ఒక కొమ్మను నొక్కి ఆరబెట్టి హెర్బేరియంలో, అంటే ఎండిన మొక్కల నమూనాల భాండాగారంలో, సాక్ష్యంగా దాచి, మిగతాది నీడన ఎండబెట్టి పొడి చేసి, హెక్సేన్ వంటి ద్రావణిలో నానబెడతారు. ద్రావణిని ఆవిరి చేయగా మిగిలిన ముదురు ఆకుపచ్చని జిగురులో కొవ్వులు, మైనం, పత్రహరితం అన్నీ ఉంటాయి. దాన్ని సిలికా జెల్ నింపిన పొడవాటి గాజుగొట్టం మీద పోసి, ద్రావణి పాళ్లు మెల్లగా మారుస్తూ కిందికి దింపుతూ, చిన్న చిన్న సీసాల్లో పట్టి, ఒక్కో సీసాను పలక మీద పరీక్షించి, ఒకే మచ్చ చూపినవాటిని కలిపి స్ఫటికీకరిస్తారు. మొక్కలో ఈ లిగ్నాన్లు ఒక శాతానికి లోపే ఉంటాయి. కిలో పొడి నుంచి కొద్ది గ్రాములు వస్తే అదృష్టమే. వచ్చిన స్ఫటికాల ద్రవీభవన స్థానం, అణుభారం, అయస్కాంత అనునాద వర్ణపటం చూసి అది ఫిల్లాంథిన్ అని నిశ్చయించాక, అందులో మిగిలిన తేమనూ ద్రావణి శేషాన్నీ లెక్కగట్టి శుద్ధతను శాతంలో రాసి, గాలి, వెలుతురు తగలకుండా గోధుమరంగు సీసాలో చల్లని చోట దాస్తారు.

ప్రభుత్వ గ్రంథాలు ఈ జ్ఞానాన్ని స్వీకరించడంలో చాలా ఆలస్యం జరిగింది. ఆయుర్వేద మందులను 1964 సవరణతోనే మందుల చట్టంలోకి తెచ్చినా, ఆయుర్వేద ఫార్మకోపియా, అంటే మందుల నాణ్యతను నిర్దేశించే అధికార గ్రంథం, మొదటి సంపుటం 1980ల చివరికి గాని వెలువడలేదు. తయారీ శాలలకు మంచి తయారీ విధానాల నియమాలు 2000లో వచ్చాయి. భారతీయ వైద్య పరిశోధన మండలి మూలికల నాణ్యతా ప్రమాణాల సంపుటాలను 2003 నుంచి, ప్రామాణిక పదార్థాల మీద ప్రత్యేక గ్రంథాన్ని 2010లో ప్రచురించింది. వాల్తేరులో స్ఫటికం చేతికి వచ్చాక అది అధికారిక పరీక్షగా మారడానికి అర్ధ శతాబ్దానికి పైగా పట్టిందన్నమాట. అంతకంటె విచారించవలసిన విషయం మరొకటి ఉంది. ఆయుర్వేద ఫార్మకోపియా తామలకి అంటే ఫ్రాటెర్నస్ అని చెబితే, భారతీయ ఫార్మకోపియా అదే మూలికకు అమారస్‌ను చూపించి దాని లిగ్నాన్లతో పరీక్షించమంటుంది. ఒకే మూలికకు రెండు అధికార గ్రంథాలు రెండు జాతులను చెబుతుంటే, సంతలో సరుకు కొనేవాడు ఏ ప్రమాణాన్ని పట్టుకోవాలి?

ప్రామాణిక పదార్థం తేల్చగలిగేదానికి కూడా హద్దు ఉంది. 1988లో మద్రాసులో త్యాగరాజన్ బృందం, హెపటైటిస్ బి వైరస్‌ను కనుగొన్న బ్లంబర్గ్‌తో కలిసి, ఆ వైరస్‌ను మోస్తున్నవారికి ఫిల్లాంథస్ అమారస్ పొడిని నెల రోజులపాటు ఇచ్చి, 59 శాతం మందిలో వైరస్ ఉపరితల ప్రోటీన్ మాయమైందని, ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో అది 4 శాతమేనని లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. ప్రపంచమంతా నేల ఉసిరి వైపు చూసింది. రెండేళ్లలోనే థాయిలాండ్‌లో జరిగిన పరీక్షలో ఆ ఫలితం కనపడలేదు. తరవాతి సమీక్షలు కూడా నమ్మదగిన ఆధారం లేదనే తేల్చాయి. మొక్క పెరిగిన చోటు, కోసిన కాలం, జాతి తేడా ఈ ఫలితాల వైరుధ్యానికి కారణమా అన్న చర్చ చాలాకాలం నడిచింది. వైరస్ మీద ప్రయోగశాలలో పనిచేసినట్టు కనిపించింది నీటిలో తీసిన సారం; ఫిల్లాంథిన్ నీటిలో సరిగా కరగదు. కనుక సరుకులో ఫిల్లాంథిన్ నిండుగా ఉన్నదని తేలినా, ఆ మందు వైరస్‌ను అణుస్తుందని రుజువైనట్టు కాదు. మొక్క గుర్తింపుకు పనికొచ్చే ఇలాంటి పదార్థాన్ని సూచక పదార్థం, మార్కర్ అంటారు. రోగం మీద పనిచేసే పదార్థం వేరే ఉండవచ్చు. ఈ రెంటినీ ఒకటిగా చూపిస్తూ, ఫిల్లాంథిన్ శాతాన్ని మందు శక్తికి కొలమానంగా డబ్బా మీద అచ్చువేయడం కొనేవారిని తప్పుదారి పట్టించడమే.

నేల ఉసిరి మీద ఇకముందు పనిచేసే ప్రయోగశాలలు, దాన్ని సాగుచేయించే సంస్థలు, ముఖ్యంగా ఆ స్ఫటికాలు తొలినాళ్లలో వెలుగు చూసిన ఆంధ్ర విశ్వవిద్యాలయం, తాము వేరుచేసే ప్రతి ప్రామాణిక పదార్థంతోపాటు అది ఏ మొక్కనుంచి వచ్చిందో చూపే పూతతో ఉన్న హెర్బేరియం నమూనాను కూడా జతచేసి భద్రపరచాలి. రెండు ఫార్మకోపియాల సంపాదక మండళ్లు కలిసి కూర్చొని తామలకి ఏ జాతో ఒక్క మాటగా ప్రకటించాలి.